విశాఖ కొండల మీద అర్బన్ ఫాంటసీ: మళ్ళీ అచ్చువేసే ముందు ఏం దిద్దాలి?

కొండవాలు (ప్రశ్న అడిగినవారు)

నమస్కారమండి. సొంత ఖర్చుతో అచ్చువేసిన నా అర్బన్ ఫాంటసీ నవల మొదటి 500 కాపీలు అయిపోవచ్చాయి. ప్రచారం అనుకుంటారని పేరు రాయడం లేదు. చదివినవాళ్ళకి రెండు ముక్కలు చెప్తే చాలు, గుర్తుపడతారు.

చదవనివాళ్ళ కోసం కథ ఇది. విశాఖలో ప్రతి కొండకీ ఒక కావలి ఉంటుంది. కొండ ఉన్నన్నాళ్ళూ కావలి ఎవరికీ కనబడదు. కొండని పేల్చి చదును చేస్తే గూడు పోయిన కావలి మనిషి రూపంలో ఊళ్ళో పడి తిరుగుతుంది, టీ బడ్డీల దగ్గర, లాడ్జీల్లో, షేర్ ఆటోల్లో. పోర్టులో సరుకు లెక్క రాసే టాలీ క్లర్కుగా చేసే నూకాలు రాయి ముట్టుకుంటే ఆ రాయి తాలూకు కావలి మాట వినిపిస్తుంది. పిలిస్తే వస్తుంది. పిలిచిన ప్రతిసారీ బాకీ, ఆ బాకీ వచ్చే అమావాస్యలోగా తీరాలి. క్వారీ కాంట్రాక్టరు ఒకడు కొండలన్నీ తినేసుకుంటూ వచ్చి చివరికి సింహాచలం మీద కన్నేస్తాడు. చందనోత్సవం రాత్రి పతాక సన్నివేశం.

డెమ్మీ సైజు, 368 పేజీలు, 26 అధ్యాయాలు. నేనడిగేవి మూడు. ఎక్కడ పుస్తకం పక్కన పెట్టేయాలనిపించింది? ఊరి విషయంలో ఎక్కడ నమ్మకం పోయింది? అచ్చులో ఏం ఇబ్బంది? "బాగుంది, కొనసాగించండి" లాంటివి వద్దు. అధ్యాయం నెంబరు వేసి తిట్టండి.

పాత పోస్టాఫీసు

ముందు 7వ అధ్యాయం. దాని జోలికి వెళ్ళకండి. ఒక్క కామా కూడా మార్చొద్దు. వన్‌టౌన్‌లో ఓడలు లోపలికొచ్చే హార్బర్ ఛానల్ పక్కన వరసగా ఉన్న మూడు కొండలు, రాస్ హిల్ చర్చి, ఇషాక్ మదీనా దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. ఆ మూడింటి కావళ్ళూ ఒకే అరుగు మీద కూర్చుని, ఓడ హారన్ వినబడగానే అది ఎవరికి దణ్ణం పెట్టిందని వాదులాడుకోవడం ఈ ఊరివాళ్ళకి తప్ప తట్టదు. ఓడరేవు కట్టేటప్పుడు కెరటాల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని ముంచి అడ్డం వేసిన సంగతి ఛానల్ అవతలి డాల్ఫిన్ నోస్ కొండ కావలి నోట చెప్పించారు చూడండి, "నా కాళ్ళ దగ్గర రెండు శవాలు పడేసి 1933లో రిబ్బను కత్తిరించారు" అని. అదీ మంచి పనే.

ఆ డాల్ఫిన్ నోస్ దగ్గరే 21వ అధ్యాయం కూలిపోయింది. నూకాలు ఆర్కే బీచిలో పరుగు మొదలుపెట్టి పది నిమిషాల్లో లైట్‌హౌస్ కింద తేలింది. మధ్యలో హార్బర్ ఛానల్ ఉందండి! బీచిలోంచి చూస్తే చెయ్యి చాస్తే అందేలా ఉంటుంది, అంతే. రోడ్డున వెళ్ళాలంటే కాన్వెంట్ జంక్షను, సింధియా, మల్కాపురం మీదుగా చుట్టు తిరిగి యారాడ ఘాట్ ఎక్కాలి. ట్రాఫిక్ ఉంటే బండి మీద కూడా గంట దగ్గర పడుతుంది. పైగా అటంతా నేవీ కాపలా, రాత్రిపూట నడుచుకుంటూ పైకి వెళ్ళిపోవడం జరగని పని.

ఈ అడ్డంకిని దాచకుండా వాడుకోండి. ఫిషింగ్ హార్బర్ నుంచి ఫైబర్ బోటు మీద ఛానల్ నోరు దాటించండి. ఓడ లోపలికొచ్చే వేళ ఛానల్లో చిన్న బోటు కనబడితే ఊరుకోరు. పోర్టులో పనిచేసే పిల్లకి ఏ ఓడ ఎప్పుడొస్తుందో తెలుసు. మీ నాయిక ఉద్యోగం మొత్తం నవలలో ఒక్కసారి కూడా కథకి పనికిరాలేదు. ఇక్కడ పనికొస్తుంది.

ఇంకో రెండు. 3వ అధ్యాయం చివర సముద్రంలో సూర్యుడు అస్తమించాడు. మనకి సముద్రం తూర్పున. బీచి రోడ్డులో నిలబడితే సూర్యుడు వీపు వైపు, మేడల వెనక, కొండల వెనక దిగుతాడు. 9వ అధ్యాయంలో వాన పడుతుంటే నూకాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుళ్ళో అమ్మవారి పక్కన తడవకుండా నిలబడింది. అమ్మవారికి పైకప్పు ఉండదు, అదే అక్కడి విశేషం. అక్కడ వానొస్తే అమ్మవారూ తడుస్తుంది, భక్తులూ తడుస్తారు. గూడు పోయిన కావలికీ, గూడు వద్దన్న తల్లికీ మాట కలిపే అవకాశం చేతిలో పెట్టుకుని గొడుగు కిందకి పోయారు.

తిథి వార నక్షత్రం

పతాక సన్నివేశంలో "చందనోత్సవం రాత్రి నిండు పున్నమి వెన్నెల కొండ మీద పాలు పోసినట్టు" అని ఉంది. చందనోత్సవం అక్షయ తృతీయ నాడు, అంటే వైశాఖ శుద్ధ తదియ. తదియ చంద్రుడు గోరంత. పడమటన కనబడి రాత్రి తొమ్మిదికల్లా వెళ్ళిపోతాడు. మిగతా రాత్రంతా చిమ్మచీకటి. వెన్నెల లేకపోతే ఆ అధ్యాయంలో సగం నిలబడదు, ఎందుకంటే నీడలతో పట్టుకునే ఎత్తుగడ అంతా వెన్నెల మీదే కట్టారు.

అదొక్కటే కాదు. స్వామి చందనం లేకుండా కనబడే నిజరూప దర్శనం రాత్రి తంతు కాదు. ముందు రాత్రే చందనం ఒలుస్తారు, తెల్లారుజాము నుంచి జనానికి దర్శనం, రాత్రయ్యేసరికి గంగధార నీళ్ళతో సహస్ర ఘటాభిషేకం చేసి మళ్ళీ మూడు మణుగుల చందనం పూస్తారు. మీ కాంట్రాక్టరు అర్ధరాత్రి వచ్చేటప్పటికి స్వామి మళ్ళీ చందనంలో ఉంటాడు.

అదే రాత్రి నూకాలు తాత మరబోటు మీద వేటకెళ్ళినట్టు రాశారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం. చందనోత్సవం ఎప్పుడొచ్చినా దాదాపు ఆ రోజుల్లోనే పడుతుంది. ఫిషింగ్ హార్బర్ నిండా లంగరేసిన బోట్లు, పని లేని సరంగులు. పైన చెప్పిన ఛానల్ దాటే ఘట్టం అప్పుడు పెడితే బోటు దొరకడం సులువే, కానీ ఇంజను చప్పుడైతే వెంటనే అనుమానం.

నా సలహా, పతాక సన్నివేశాన్ని గిరి ప్రదక్షిణకి మార్చండి. ఆషాఢ శుద్ధ చతుర్దశి సాయంత్రం కొండ కింద మెట్ల మొదట్లో, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టి, 32 కిలోమీటర్లు లక్షల మంది కాలినడకన కొండని చుట్టేస్తారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అక్కడినుంచి అప్పుఘర్ దగ్గర సముద్రం, మళ్ళీ ఎంవీపీ, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం. కొండల కావళ్ళ కథకి కొండ చుట్టూ నడిచే జనం కంటే ఏం కావాలి? తెల్లారితే పౌర్ణమి, ఆ ఏడాదికి ఆఖరి విడత చందనం పూసే రోజు. వెన్నెల దొరుకుతుంది. ఆషాఢం కదా, మబ్బు పట్టి ఉండొచ్చు. మబ్బు తొలగినప్పుడే నీడ దొరుకుతుందని పెట్టుకుంటే ఎత్తుగడ ఇంకా బిగుస్తుంది.

14వ అధ్యాయంలో హుద్‌హుద్ తుఫాను రాత్రిపూట వచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం, తీరం దాటింది పట్టపగలు, మధ్యాహ్నం వేళ. తుఫాను కన్ను ఊరి మీదుగా పోతే గాలి ముందు ఈశాన్యం నుంచి కొడుతుంది, మధ్యలో కాసేపు ఆగిపోతుంది, తర్వాత నైరుతి నుంచి తిరగబడుతుంది. మొదటి విడత గాలికి వేళ్ళు వదులైన చెట్లు రెండో విడతకి పడిపోతాయి. మీ కావలి ఆ మధ్య నిశ్శబ్దంలో బయటికి రావాలి. మీరేమో గాలి జోరుగా ఉన్నప్పుడు మూడు పేజీలు మాట్లాడించారు. ఆ గాలిలో పక్కమనిషి అరుపే వినబడదు.

కొండవాలు

ఇద్దరికీ కృతజ్ఞతలండి. గిరి ప్రదక్షిణ మాట గట్టిగా తగిలింది, ఆలోచిస్తున్నాను. సూర్యాస్తమయం విషయంలో మాత్రం ఒప్పుకోను. అది కావాలని రాసింది. మొదటి కొండ పోయిన రోజు దిక్కులు తారుమారవుతాయి, అందుకే సూర్యుడు సముద్రంలో దిగాడు. 25వ అధ్యాయంలో దానికి సూచన ఉంది. ఇది ఫాంటసీ కదా, ఆ మాత్రం స్వేచ్ఛ లేదా?

చెరసాల కిటికీ

స్వేచ్ఛ ఉంది. కాకపోతే తప్పుకీ మాయకీ తేడా పాఠకుడికి తెలియాలి. మూడో అధ్యాయంలో సూర్యుడు సముద్రంలో దిగుతుంటే బీచిలో ఉన్న మురీ మిక్చరు బండివాడు తలెత్తి చూడడు, సబ్‌మెరైన్ ముందు సెల్ఫీ తీసుకునేవాళ్ళు చూడరు, నూకాలు కూడా "అందంగా ఉంది" అనుకుంటుంది. అప్పుడు పాఠకుడు ఏమనుకుంటాడు? రచయిత్రికి ఊరు తెలీదనుకుంటాడు. 25వ అధ్యాయం వచ్చేలోపు పుస్తకం మూసేస్తాడు. ఒక్క వాక్యం చాలండి. బండివాడు ఉల్లిపాయ తరుగుతూ ఆగి, "ఇదేటి, ఈ యేళప్పుడు ఎండ మొహం మీదకొస్తంది" అంటే సరిపోయింది. ఊరి నియమం తప్పినప్పుడు ఊళ్ళో ఎవరో ఒకరు ఉలిక్కిపడాలి. ఎవరూ ఉలిక్కిపడకపోతే అది ప్రూఫు తప్పుల ఖాతాలోకి పోతుంది.

మాయ నియమాలకీ ఇదే లెక్క. మీ బాకీ నియమం నవల మొత్తంలో నాకు బాగా నచ్చింది. 5వ అధ్యాయంలో హనుమంతవాక కావలిని పిలిచినందుకు నూకాలు వారం రోజులు ఉప్పు లేని కూడు తింటుంది, కొండకి ఉప్పు మోసుకెళ్ళి పోస్తుంది. ధర కళ్ళకి కనిపించింది, నాలిక్కి తెలిసింది. 11లో రెండో పిలుపు, దానికి తాతకి తన పేరు మర్చిపోయేలా అవుతుంది. అదీ బరువుగా ఉంది. 19లో ఒకే రాత్రి మూడు పిలుపులు, ఒక్కదానికీ చెల్లింపు లేదు. 22కి అమావాస్య దాటిపోయింది, ఏమీ కాలేదు. ఆ తర్వాత ఇంక నూకాలుకి ప్రమాదం ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎవరో ఒకరిని పిలుస్తుందని తెలిసిపోయింది.

దీన్ని దిద్దే పద్ధతి ఉంది. కాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి: అధ్యాయం, తిథి, ఎవరిని పిలిచింది, ఏం చెల్లించింది. 26 అధ్యాయాలకీ నింపండి. నాలుగో గడి ఖాళీగా ఉన్న చోటల్లా గండి ఉంది. 19లోని మూడు పిలుపుల్లో రెండు అనవసరం. లాడ్జి గది తలుపు తెరవడానికి కొండ కావలి ఎందుకండీ, మేనేజరుకి ఓ 200 చేతిలో పెడితే తీస్తాడు. మూడోదాన్ని ఉంచి, దాని బాకీ తీర్చలేకపోవడమే పతాక సన్నివేశానికి కారణం చెయ్యండి. తిథి గడి నింపితే పైన చెప్పిన వెన్నెల తప్పులు కూడా వాటంతట అవే బయటపడతాయి.

ఎక్కడ పక్కన పెట్టాననే ప్రశ్నకి జవాబు 12 నుంచి 18. అందులో 13, 16 అధ్యాయాల్లో కాంట్రాక్టరు కుర్చీలో కూర్చుని తన తత్వం చెప్తాడు. క్వారీ వాడు తత్వం చెప్పడు, లీజు కాగితాలు చూస్తాడు, లారీ ట్రిప్పులు లెక్కపెడతాడు. జిలెటిన్ స్టిక్కు ఏ లోతులో పెడితే ఇక్కడి కొండల రాయి, ఖొండలైటు పొర ఎలా విడుతుందో వాడికి తెలియాలి. ఆ రాయి పొరలు పొరలుగా ఉండి, గాలికీ వానకీ మెత్తబడి ఎర్రమన్ను అవుతుంది. వాడు ఆ రాతిని చదవగలిగితే, నూకాలు రాతిని వినగలిగితే, ఇద్దరికీ పోలిక కుదురుతుంది. 13ని పూర్తిగా తీసేయొచ్చు, కథ ఒక్క అంగుళం కూడా కదలదు.

సొండి

నాకు పటం తప్పులు పెద్దగా పట్టలేదు, కానీ మాటలు పట్టాయి. జాలరిపేట తాత నోట "ఆయ్, అలాగేనండి" ఏంటండీ? "ఆయ్" వినగానే మనసు కోనసీమ వెళ్ళిపోతుంది. ఇక్కడ "అలగే బావూ" అంటే చాలు. "చేపలు పట్టడానికి వెళ్ళాడు" అని మూడు చోట్ల ఉంది, ఏ పేటలోనైనా "వేటకెళ్ళాడు" అంటారు.

దానికి విరుగుడుగా ప్రతి మాటనీ యాసలోకి దించేయకండి, చదవలేం. నాలుగైదు గుర్తులు పట్టుకుంటే సరిపోతుంది. ఏంటి బదులు ఏటి, ఎలా బదులు ఎలగ, వచ్చేశాడు బదులు వచ్చీసాడు, పోయింది బదులు పోనాది, పిల్లని గుంట అనడం. చ-ని స చెయ్యడం అందరిచేతా చేయించొద్దు. తాత "సెప్పు" అంటాడు, డిగ్రీ చదివిన నూకాలు ఇంట్లో "సెప్పు", ఆఫీసులో "చెప్పు" అంటుంది. ఆ తేడాయే ఆమె గురించి ఒక పేరాకి సరిపడా చెప్తుంది. గాజువాక స్టీలుప్లాంటు క్వార్టర్సు మనుషులు అన్ని జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళకి ఈ యాస పెట్టకండి. మీరు పెట్టారు, 15వ అధ్యాయం.

కావళ్ళ భాష మాత్రం భేష్. పాత కొండలు "నువ్వు" అంటాయి, పేల్చేసిన కొండలు "మీరు" అంటాయి. ఇల్లు పోయినవాడికి ఆ వినయం ఎక్కడినుంచి వచ్చిందో మీరు విడమర్చి చెప్పలేదు. చెప్పకండి కూడా.

రెండు పైకాల పాఠకుడు

అందరూ ఇలా కొలతలు వేస్తుంటే భయమేస్తోంది. గూగుల్ మ్యాపు చూసుకుని చదివేవాడు ఎంతమంది ఉంటారు? కర్నూలులో చదివేవాడికి సింధియా ఎక్కడుంటే ఏం? నాకు ఛానల్ సంగతి చదువుతున్నప్పుడు తట్టనే లేదు. 21వ అధ్యాయం ఊపిరి బిగబట్టి చదివాను. దాన్ని బోట్లు, నేవీ, ఓడల టైముటేబులుతో నింపితే ఆ వేగం పోతుంది.

13 తీసేయమన్నదానికి మాత్రం నాదీ ఓటే.

పాత పోస్టాఫీసు

వేగం పోకుండా చెయ్యొచ్చు. ఛానల్ దాటడం ఒకటిన్నర పేజీ చాలు. కర్నూలు పాఠకుడికి దారి తెలియక్కర్లేదు, అడ్డంగా నీళ్ళున్నాయనీ ఓడ వస్తోందనీ తెలిస్తే చాలు. ఉత్త పరుగు కంటే అదే ఎక్కువ ఉత్కంఠ. ఇక అమ్ముడుపోయిన 500లో ఎక్కువ భాగం ఎవరి చేతుల్లో ఉన్నాయో రచయిత్రి గారికే తెలియాలి, నా అంచనా ఈ ఊళ్ళోనే.

ఫారం లెక్క

అచ్చు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను.

లోపలి మార్జిను 12 మిల్లీమీటర్లే ఉంది. 368 పేజీల పర్‌ఫెక్ట్ బైండింగ్ పుస్తకానికి అది చాలదు. అక్షరాలు గాడిలోకి దిగిపోయి, చదవడానికి వెన్ను విరిచి పట్టుకోవాలి. అలా విరిస్తే జిగురు పగిలి మధ్య పేజీలు ఊడతాయి, చాలామంది దగ్గర ఊడాయి కూడా. 18 నుంచి 20 ఇవ్వండి, బయటి మార్జిను 14 చాలు.

అక్షరం 11 పాయింట్లు, వరస ఎడం 13 పెట్టినట్టున్నారు. ఇంగ్లిషుకి చెల్లుతుంది, తెలుగుకి కుదరదు. పై వరసలో వత్తు కింద వరస గుడిని తాకుతోంది. "రాష్ట్ర" లాంటి మాట వచ్చిన ప్రతిచోటా కింద వరసకి గీటు పెట్టినట్టుంది. ఎడం 16 చెయ్యండి. పేజీకి ఆరేడు వరసలు తగ్గుతాయి, పేజీలు పెరుగుతాయి, నిజమే. 13వ అధ్యాయం తీసేసి, 19 బిగిస్తే ఆ పెరుగుదల కొంత సర్దుకుంటుంది. చివరి లెక్క 16తో భాగించబడేలా చూసుకోండి. పదహారు పేజీలు ఒక ఫారం, ఇప్పటి 368 అంటే 23 ఫారాలు. 384 అయితే 24. 370 వచ్చిందంటే రెండు పేజీల కోసం ఇంకో ఫారం కాగితం పోతుంది, లేదా ఖాళీ పేజీలు వదలాలి.

వత్తుల గొడవ: 97, 143, 260 పేజీల్లో వత్తులు అక్షరం నుంచి విడిపోయి పక్కన పడ్డాయి. పాతకాలపు అను ఫాంట్లలో ఉన్న ఫైలుని యూనికోడ్‌లోకి మార్చి, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో పోశారని నా అనుమానం. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో అడోబీ వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఇలాగే వస్తుంది. పేరా స్టైల్లోనే పెట్టేయండి, పేజీ పేజీకీ దిద్దక్కర్లేదు. "బస్‌స్టాండ్" అన్నిచోట్లా "బస్స్టాండ్" అయింది. పొల్లు తర్వాత కనబడకుండా ఉండే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని కన్వర్టరు తినేసింది. "ఫైండ్ అండ్ రీప్లేస్"తో గుడ్డిగా పెట్టకండి, అవసరం లేనిచోట కూడా చేరుతుంది. పొల్లుతో ఆగే ఇంగ్లిషు మాటల జాబితా రాసుకుని ఒక్కొక్కటీ మార్చండి. ఫాంటుకి మండలి గానీ సూరన్న గానీ చూడండి. రెండూ ఉచితం, పుస్తకానికి వాడుకోవచ్చు.

పేజీలు మారితే వెన్ను మందం మారుతుంది. పాత అట్ట ఫైలు అలాగే పంపితే పేరు వెన్ను మీంచి ముందు అట్ట మీదకి జారుతుంది. ప్రెస్సువాళ్ళని అదే కాగితంతో డమ్మీ (ఖాళీ నమూనా పుస్తకం) కట్టించి, స్కేలుతో కొలిచి, అప్పుడు అట్ట చేయించండి.

కొండవాలు

ఫారం లెక్క గారూ, ఇది తెలియక ప్రెస్సుతో గొడవ పడేదాన్ని. సొండి గారు చెప్పిన "మీరు, నువ్వు" సంగతి విడమర్చను. సూర్యాస్తమయానికి మురీ మిక్చరు బండివాణ్ణి పెట్టుకుంటాను, ఆ వాక్యం వాడుకోవచ్చా? కావళ్ళ బాకీ పట్టిక ఇవాళే మొదలుపెడతాను. పతాక సన్నివేశం గిరి ప్రదక్షిణకే మారుస్తున్నాను.

ఒక సందేహం. ఇంత మార్చాక అట్ట మీద "రెండో ముద్రణ" అని వేసి పాత ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నెంబరు) ఉంచేయొచ్చా?

చెరసాల కిటికీ

వాక్యం మీదే, తీసుకోండి.

ఫారం లెక్క

కుదరదండి. అక్షరదోషాలు దిద్ది మళ్ళీ వేస్తే ముద్రణ, పాత నెంబరే చెల్లుతుంది. ఒక అధ్యాయం తీసేసి, పతాక సన్నివేశం మార్చితే అది రెండో కూర్పు, దానికి కొత్త నెంబరు తీసుకోవాలి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు. నెంబరు రావడానికి టైము పట్టొచ్చు కాబట్టి డీటీపీ మొదలుపెట్టే రోజే దరఖాస్తు పెట్టేయండి. అట్ట వెనక బార్‌కోడ్ మార్చడం మాత్రం మర్చిపోకండి. లోపల కొత్త నెంబరు, బయట పాత బార్‌కోడ్ ఉంటే షాపువాడు కొడితే పాత కూర్పు ధర వస్తుంది.